అమ్మీ పేరు పట్టే గడి

మా అమ్మీ ఇంటిపేరు ఒక చుక్క. మజాక్ కాదు. ఆమె కార్డు తీసి చూస్తే ఇంగ్లిష్‌లో పేరు అయిపోయాక కాస్త ఎడం ఇచ్చి ఒక ఫుల్‌స్టాప్ ఉంటుంది. కంప్యూటర్ లెక్కలో అదే ఆమె ఇంటిపేరు.

ఆ చుక్క పడిన రోజు నేను పక్కనే ఉన్నాను. ప్రొద్దుటూరులో ఒక సెంటర్‌లో రెండు గంటలు క్యూలో నిలబడ్డాక మా వంతు వచ్చింది. ఫారం నింపే కుర్రాడు తల ఎత్తకుండానే "లాస్ట్ నేమ్ చెప్పండి సార్" అన్నాడు. ఆమెకు ఒకటే పేరు, అంతే అన్నాను. "ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకు పోదు సార్" అని చుక్క కొట్టాడు. ముందుకు పోయింది. నేను పేపర్లో పనిచేసేవాణ్ణి, రోజూ పదిమంది పేర్లు తప్పు లేకుండా రాయడమే నా నౌకరీ. అయినా ఆ రోజు ఎండకి, క్యూకి బేజారై, పోనీలే అనుకున్నాను.

అమ్మీ పేరు ఖమరున్నిసా. ఖమర్ అంటే చందమామ. ఉర్దూలో అది ఖాఫ్‌తో మొదలవుతుంది, నెత్తిన రెండు నుఖ్తాలు ఉండే హర్ఫ్. ఆ కుర్రాడు ఇంగ్లిష్‌లో ఉత్త కే కొట్టాడు. ఆ కే చూసి మెషిన్ తనంతట తాను తెలుగులో "కమరున్నిస" అని రాసుకుంది. ఇప్పుడు అది కాఫ్‌తో చదివినట్టయింది. కాఫ్‌తో కమర్ అంటే నడుము. ఇంటికొచ్చాక అమ్మీ కార్డు తిప్పి తిప్పి చూసింది. "చాంద్ కు కమర్ బనా దియే, బేటా" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఉండాల్సిన రెండు నుఖ్తాలు తీసేసి, అక్కర్లేని చోట ఒక చుక్క పెట్టారని అప్పుడు నాకు తట్టలేదు.

అబ్బా ఇంతెఖాల్ అయ్యాక తట్టింది.

అబ్బా ఉర్దూ టీచర్‌గా రిటైర్ అయ్యారు. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ అమ్మీ పేరుకు మారాలి. ఆమె కాగితాలన్నీ మంచం మీద పరిచాం. అబ్బా సర్వీసు రికార్డులో పేరు కే హెచ్‌తో మొదలై చివర బేగం తగిలి ఉంది. బ్యాంకు పాస్‌బుక్కులో క్యూతో ఉంది. పాత రేషన్ కార్డులో కమ్రున్ బీ. కొత్త కార్డులో కమరున్నిస, చుక్క. నాలుగు కాగితాల్లో నలుగురు ఆడవాళ్లు. ఆఫీసులో మర్యాదగానే మాట్లాడారు, కూర్చోబెట్టారు కూడా. కాని "పేర్లు కలవడం లేదు" అన్న ఒక్క మాట దగ్గర అంతా ఆగిపోయింది. ఆఖరికి స్టాంపు పేపర్ మీద నోటరీతో అఫిడవిట్ రాయించాం. ఈ నలుగురూ "వన్ అండ్ ది సేమ్ పర్సన్" అని. పెన్షన్ రావడానికి పదకొండు నెలలు పట్టింది.

అఫిడవిట్ మీద వేలిముద్ర వేస్తూ అమ్మీ ఒక మాట అంది. "మీ అబ్బాతో అన్నేళ్లు గుజారా చేశాను. నేను నేనే అని ఇప్పుడు నోటరీ వచ్చి చెప్పాలా?" నా దగ్గర జవాబు లేదు.

నేను పదో జమాఅత్ దాకా ఉర్దూ మీడియం. ఇమ్లా రాసేటప్పుడు కాఫ్‌కి, ఖాఫ్‌కి తేడా వినబడలేదని ఉస్తాద్ చెవి మెలేసేవారు. ఖాఫ్ హల్ఖ్ లోపలి నుంచి రావాలి అనేవారు. మన దక్నీలో అది రాదు. ఖాఫ్‌ను మనం ఖే లాగే పలుకుతాం. అందుకే ఉత్తరాది వాళ్లు మనల్ని ఏడిపిస్తారు, మీ ఇంట్లో తఖ్రీబ్ ఉందట కదా అని. ఖాఫ్‌తో అది వేడుక, ఖే తో అది విధ్వంసం. మనకు రెండూ ఒకేలా వినబడతాయి, పెళ్లి పిలుపు పిలుపే.

తరవాత తెలుగులో డిగ్రీ చేశాను. అక్కడ చూస్తే మనవాళ్లు ఎప్పుడో దీనికి ఒక దారి చేసుకున్నారు. ఖాదర్, ఖురాన్, ఖాన్, ఖాజా. ఖాఫైనా, ఖే అయినా తెలుగులో ఒక్క ఖ తో సరిపెట్టారు. మన నోట్లో పలికేదీ అదే కాబట్టి ఎవరికీ తకలీఫ్ లేదు. ఖమరున్నిసా అని తెలుగులో రాస్తే అమ్మీకి సమ్మతమే. ఆమె అడిగేది కష్టమైనది కాదు.

ఇంకో సంగతి చూడండి. అర్జీ, దరఖాస్తు, దాఖలు, తారీఖు, నకలు, జిల్లా, తహసీల్దారు. సర్కారీ తెలుగు ఫారంలో సగం మాటలు మన వైపు నుంచి పోయినవే. ఫారం మాటల్లో మనం ఉన్నాం. ఆ మాటల పక్కనున్న గడిలోనే మన పేరు పట్టడం లేదు.

ఇదంతా నా మనసులో ఉండగానే జమ్మలమడుగు నుంచి పెద్ద మామూ ఫోన్ చేశారు. ఆయన అక్కడ మసీదు కమిటీ లెక్కలు చూస్తారు. పాత నికాహ్ రిజిస్టర్లు చెద పడుతున్నాయి, సిరా వెలిసిపోతోంది, ఎవరైనా కంప్యూటర్‌లో ఎక్కించి పెడితే బాగుండు అన్నారు. వెళ్లి చూశాను. ఉర్దూ చేతిరాత, నస్తలీఖ్, కొన్నిచోట్ల నీళ్లు పడి అలికినట్టు ఉంది. ఆ పేజీల్లో ఎవరి పేరు ఎలా పెట్టారో అలాగే ఉంది. వారసత్వం తగాదాలొస్తే, పాస్‌పోర్టుకు కావాలంటే, మొహల్లా వాళ్లు ఇప్పటికీ ఆ రిజిస్టర్ దగ్గరికే వస్తారట.

పేజీ పేజీకి ఫోటో తీయడం సులువు. కాని ఫోటోలో పేరు వెతకలేం. పేర్లు టైపు చేయాలి, అదీ మూడు లిపుల్లో. రిజిస్టర్‌లో ఉన్నట్టు ఉర్దూలో, మొహల్లా చదివేట్టు తెలుగులో, కాగితాలకు పనికొచ్చేట్టు ఇంగ్లిష్‌లో. రెడీమేడ్ ఆన్‌లైన్ ఫారం ఒకటి పెట్టి చూశాం. దాంట్లోనూ ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. ఉర్దూ హర్ఫ్ కొడితే "సరైన పేరు ఇవ్వండి" అని ఎర్రగా వచ్చింది. ఏ నుంచి జెడ్ దాకా ఉంటేనే అది పేరట.

పులివెందులలో మా ఆపా కూతురు ఇంజనీరింగ్ చదువుతోంది. చూపిస్తే, "ఫారం మార్చాల్సిన పని లేదు మామూ, గడి ఒక్కటి మారిస్తే చాలు. నేను చేస్తా" అంది.

వెబ్ ఫారంలో ఒక గడిని మనకు కావలసినట్టు సొంతంగా చేసుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది. విడ్జెట్ అంటారట. ఆలోచిస్తే నా రాతల జిందగీ మొదలైందీ అలాంటి ఒక గడితోనే. మా పేపర్ డెస్క్‌లో అను ఫాంట్లు ఉండేవి. వాటిలో కొట్టింది అచ్చులో అందంగా వచ్చేది, ఇంటర్నెట్‌లో పెడితే పిచ్చి గీతలయ్యేది. 2006లో వీవెన్ గారు 'లేఖిని' పెట్టారు. పద్మ అనే ఉపకరణం ఆధారంగా చేసిన చిన్న పేజీ. ఒక పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే ఇంకో పెట్టెలో యూనికోడ్ తెలుగు వచ్చేది. చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ. ఆ రెండు పెట్టెల వల్లే నాలాంటి వాళ్లు ఎంతోమంది బ్లాగుల్లోకి వచ్చారు. తెలుగు రాదని కంప్యూటర్ చెప్పిన చోట ఒక్క గడి మార్చి దారి తీశారు. మా భాంజీకి ఈ కథ చెబితే, "అప్పుడు నేను కొత్తగా ఏం చేయట్లేదన్న మాట" అంది.

మొదటి సారి ఆమె ఎక్కడిదో తయారుగా ఉన్న పెద్ద లైబ్రరీ తెచ్చి పెట్టింది. ముప్ఫై భాషల కీబోర్డులు, రంగులు, హంగులు. పులివెందులలో వాళ్ల ల్యాప్‌టాప్‌లో బాగా నడిచింది. జమ్మలమడుగులో మామూ ఫోన్‌లో తెరిస్తే గిర్రున తిరుగుతూనే ఉంది. మామూ చాయ్ తాగి, అసర్ నమాజ్‌కు పోయి వచ్చారు, అప్పటికీ రాలేదు. ఆమె అదంతా తీసేసి తానే రాసింది. మొత్తం 12 కేబీ అయింది. మనకు పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే జుమ్మా ముబారక్ ఫోటో దీనికంటే ఎన్నో రెట్లు పెద్దది. భారీ ఫాంటు కూడా పెట్టలేదు, ఫోన్‌లో ఏది ఉంటే దాంతోనే చూపించింది. నస్తలీఖ్ రాలేదని, హర్ఫులు అరబీ కితాబులో లాగా నిటారుగా ఉన్నాయని మామూ కొన్నాళ్లు నారాజ్ అయ్యారు. పేజీ టక్కున తెరుచుకోవడం చూసి రాజీ పడ్డారు.

రెండో ముష్కిల్ విచిత్రమైనది. ల్యాప్‌టాప్‌లో ఏ కీ నొక్కితే ఏ హర్ఫ్ రావాలో రాసిపెట్టింది, చక్కగా వచ్చాయి. ఫోన్‌లో ఒక్కటీ రాలేదు. రెండు రాత్రులు కూర్చుని కనిపెట్టింది. ఆండ్రాయిడ్ ఫోన్ కీబోర్డు ఏ కీ నొక్కినా గడికి చాలాసార్లు 229 అనే ఒకే నంబర్ పంపుతుందట. మాట ఇంకా కూర్చుకుంటున్నాను, ఆగు అని దాని మతలబ్. కాబట్టి వేలు ఏం నొక్కిందని కాదు, గడిలో చివరికి ఏం పడిందని చూడాలి. మనిషి రాయడం పూర్తయ్యేదాకా మధ్యలో చెయ్యి పెట్టకూడదు. నాకు ఉస్తాద్ గుర్తొచ్చారు. ఆయన ఇమ్లా చెప్పి, చివరి పిల్లాడు ఖలమ్ ఎత్తేదాకా ఆగేవారు. ఆ తరవాతే తప్పులు చూసేవారు.

మూడోది పొడవు. మామూలు ఫారాల్లో పేరుకు 20 అక్షరాలు అని హద్దు పెడతారు. ఖమరున్నిసా మన కంటికి అయిదు అక్షరాలే: ఖ, మ, రు, న్ని, సా. కంప్యూటర్ కొమ్మును, గుడిని, దీర్ఘాన్ని, పొల్లును, వత్తుగా వచ్చే హల్లును విడివిడిగా లెక్కేసి పది అంటుంది. మహబూబ్, సుబ్హానీ, మస్తాన్, వలీ అన్నీ కలిపి పెట్టే మన కడప జిల్లా పేర్లకు ఆ హద్దు ఏం సరిపోతుంది? ఆమె ఆ హద్దు తీసేసింది.

నాలుగోది కంటికి కనబడదు. అరబీ కీబోర్డుతో కొట్టిన కాఫ్, యే, హే వేరు, ఉర్దూ కీబోర్డుతో కొట్టినవి వేరు. చూడ్డానికి దాదాపు ఒకటే, లోపల నంబర్లు వేరు. ఒకరు కొట్టిన పేరు ఇంకొకరు వెతికితే దొరకదు. తెలుగులోనూ ఉందీ జబ్బు. షేక్ అన్న మాట చివర పొల్లు విడిగా నిలబడడానికి కొన్ని కీబోర్డులు కనబడని గుర్తు ఒకటి పెడతాయి. ఆ గుర్తు ఉన్న షేక్, లేని షేక్ కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. నాలుగు కాగితాల్లో నలుగురైన మా అమ్మీ లాగే. దీనికి ఆమె ఒక ఉపాయం చేసింది. రాసింది రాసినట్టే దాచుతుంది. వెతకడానికి మాత్రం లోపల ఇంకో నకలు చేసుకుని, ఆ తేడాలన్నీ అందులో చదును చేస్తుంది. "సఫాయి అంతా నకలులోనే మామూ, అసల్‌ను ముట్టుకోను" అంది.

ఇన్ని చేశాక అంతా అయిపోయిందనుకున్నాం. మసీదులో పిల్లలకు ఖురాన్ చెప్పే హాఫిజ్ సాబ్ ఉన్నారు. చూపు లేదు. ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుని, అది చదివి వినిపిస్తుంటే మెసేజులు కూడా రాస్తారు. రిజిస్టర్‌లో ఉన్నవాళ్లలో సగం మంది ఖాందాన్లు ఆయనకు నోటికి వచ్చు. ఆయన చేతికి ఫోన్ ఇస్తే, గడి మీద వేలు పెట్టి ఆగిపోయారు. ఫోన్ ఏమీ పలకలేదు. మళ్లీ పెట్టారు. చప్పుడు లేదు. "ఇక్కడ ఏదైనా ఉందా బేటీ?" అని అడిగారు.

మా భాంజీ మొహం చిన్నబోయింది. అందంగా రావాలని ఆమె అసలైన గడిని వాడలేదు. ఉత్త డబ్బా ఒకటి గీసి దాన్ని గడిలా నడిపించింది. కళ్లున్న వాళ్లకు అది గడి. టాక్‌బ్యాక్‌కు అది గోడ. ఆ రాత్రి పులివెందుల బస్సులో, ముద్దనూరు దాటేదాకా ఆమె మాట్లాడలేదు. తరవాత, "మనవాళ్లను ఫారం బయట నిలబెట్టిందని కదా మామూ ఇది మొదలుపెట్టాం. నేనూ ఒకరిని బయట నిలబెట్టాను" అంది.

వారం తరవాత మళ్లీ వచ్చింది. ఈసారి లోపల బ్రౌజర్ ఇచ్చే అసలు గడే ఉంది. దాని పైన "పేరు, ఉర్దూలో" అని రాసిన మాట ఆ గడికే కట్టి ఉంది. రాత కుడి నుంచి మొదలవ్వాలా, ఎడమ నుంచా అన్నది మొదట పడిన అక్షరాన్ని బట్టి బ్రౌజరే చూసుకుంటుంది. ఉర్దూ కీబోర్డు లేని వాళ్లకు మాత్రం కింద చిన్న బటన్, నొక్కితే హర్ఫుల పలక తెరుచుకుంటుంది. హాఫిజ్ సాబ్ వేలు పెట్టగానే ఫోన్ పలికింది. ఆయన "హాఁ, అబ్ బోలా" అని నవ్వారు. పని తగ్గి 12 కేబీ కాస్తా 9కి దిగింది. బ్రౌజర్‌కు ముందే వచ్చిన పని మనం మళ్లీ చేయకపోతే బరువు తనకు తానే తగ్గుతుందని ఆమె నేర్చుకుంది.

ఇప్పుడు ఆ ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ లేవు. పూర్తి పేరుకు ఒకటే గడి. ప్రపంచమంతటా ఇది ఉన్న సమస్యే. ఐస్‌లాండ్‌లో ఎక్కువ మందికి ఇంటిపేరే ఉండదు, తండ్రి పేరుకో తల్లి పేరుకో కొడుకు, కూతురు అని చేర్చుకుంటారు. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ కూడా పేరును ముక్కలు చేయడం నిజంగా అవసరమా అని ముందు ఆలోచించుకోమనే చెబుతుంది. అన్నిటికంటే కింద ఇంకో గడి ఉంది: "కాగితాల్లో వేరేగా ఉంటే ఇక్కడ రాయండి". ఎన్నయినా చేర్చుకోవచ్చు. తప్పులన్నీ అసలు పేరు కింద కూర్చుంటాయి. ఏ తప్పుతో వెతికినా అసలు మనిషే దొరుకుతుంది.

తెలుగు గడి విషయంలో మామూకు, ఆమెకు బహస్ అయింది. ఎవరైనా కమర్ అని కొడితే అదే ఖమర్‌గా మార్చేయాలని మామూ. మార్చనని ఆమె. "రేపు ఎవరో ఒకరికి నిజంగానే కా తో పేరు ఉంటుంది నానా. అప్పుడు మనమూ సెంటర్ వాళ్లలాగే చేసినట్టు కాదా? కావాలంటే కింద సలహా చూపిస్తా, మార్చుకునేది వాళ్లు" అంది. ఇంకో దారి కూడా వెతికాం. యూనికోడ్ 14లో, 2021లో, తెలుగుకు కూడా నుఖ్తా గుర్తు చేర్చారు. ఖ కింద చుక్క పెట్టి ఖాఫ్‌ను విడిగా చూపొచ్చు కదా అనుకున్నాం. మా ఇంట్లోని ఏ ఫోన్‌లోనూ అది సరిగ్గా రాలేదు, అక్షరం పక్కన చుక్కల సున్నా కనబడింది. ఫాంట్లు అందుకునే దాకా సబ్ర్ చేద్దాం అని వదిలేశాం. ఉర్దూ గడిలో ఖాఫ్ ఉంది, ప్రస్తుతానికి చాలు.

మొన్న సెలవుల్లో అమ్మీని జమ్మలమడుగు తీసుకెళ్లాం. ఆమె నికాహ్ అక్కడే అయింది, పుట్టిల్లు. 1974 పేజీ మామూ ముందే వెతికి పెట్టారు. అబ్బా దస్తఖత్ ఉంది. పక్కన అమ్మీ పేరు, ఖాజీ సాబ్ చేతిరాత, ఖాఫ్ మీద రెండు నుఖ్తాలు స్పష్టంగా. భాంజీ ఫోన్ అందించి "నానీ, మీ పేరు మీరే ఎక్కించండి" అంది. అమ్మీకి చదవడం వచ్చు, ఫోన్‌లో రాయడం ఎప్పుడూ చేయలేదు. హర్ఫుల పలక తెరిచి ఒక్కొక్కటే వెతుక్కుంటూ, పైకి చదువుకుంటూ నొక్కింది. ఖాఫ్. మీమ్. రే. చాలాసేపు పట్టింది. ఎవరూ తొందర పెట్టలేదు. తెలుగు గడి దగ్గర ఆగి "ఇక్కడ ఏం రాయాలి?" అంది. "మీరు ఎలా చెబితే అలా నానీ." అమ్మీ చెప్పింది, పిల్ల కొట్టింది.

చివరి గడిలో నేను కూర్చుని ఆ నాలుగు కాగితాల పేర్లూ చేర్చాను, చుక్కతో సహా.

ఒక మసీదు రిజిస్టర్ ఫారం మారింది, అంతే. అమ్మీ కార్డు మారలేదు. సరిచేయించడానికి అర్జీ పెట్టాను. ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. అక్కడ కూడా లాస్ట్ నేమ్ గడి ఖాళీగా వదిలితే ముందుకు పోవడం లేదు. ఈసారి చుక్క కొట్టలేదు. ఫోటో తీసి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నంబర్ తీసుకున్నాను. జవాబు రావాలి.

మీ ఇంట్లో కూడా అమ్మీ, నానీ, దాదీ కాగితాలు ఒకసారి మంచం మీద పరిచి చూడండి. పేర్లు కలిసి ఉన్నాయేమో ఇప్పుడే చూసుకోండి, అవసరం నెత్తి మీదికి వచ్చాక కాదు. ఫారం నింపే చోట పక్కన నిలబడితే, నాలాగా పోనీలే అనుకోకండి.